చితికి మరణశిక్ష: తొలి సాక్సన్లు చచ్చినవారికి ఏం చేశారు, ఎవరి కోసం చేశారు?

శవాన్ని దహనం చేస్తే మరణశిక్ష. ఫ్రాంకుల రాజు షార్లమేన్ తాను జయించిన సాక్సనీకి క్రీ.శ. 780లలో విధించిన శాసనంలో ఏడో నిబంధన ఇది. అన్యమత ఆచారం ప్రకారం చనిపోయిన మనిషిని మంటకు అప్పగించి ఎముకలను బూడిద చేసినవాడు ప్రాణంతో మూల్యం చెల్లించాలి. అదే శాసనంలో 22వ నిబంధన, క్రైస్తవులైన సాక్సన్ల శవాలను చర్చి శ్మశానానికే తీసుకువెళ్లాలని, అన్యమతస్థుల దిబ్బల దగ్గరికి మోసుకుపోరాదని చెబుతుంది. చితి పేర్చడమే మహాపరాధం కావడం మన పాఠకులకు వింతగా తోచవచ్చు. కానీ ఇలాంటి శాసనాలను తిప్పి చదవాలి. జనం మానేసిన పనిని నిషేధించడానికి ఏ రాజూ ఇంత కష్టపడడు. 772లో మొదలైన సాక్సన్ యుద్ధాలు 804 దాకా సాగాయి. రాజ్యం పోయినా, బలవంతంగా జ్ఞానస్నానం చేయించినా, తమవారిని తమ పద్ధతిలోనే సాగనంపుతామని పట్టుబట్టినవారు అప్పటికీ ఉన్నారన్నమాట.

సాక్సన్లు అనగానే ఇంగ్లండ్ గుర్తొస్తుంది గానీ వారి పాత నేల ఇప్పటి ఉత్తర జర్మనీ, ఎల్బే, వేజర్ నదుల మధ్య తీరప్రాంతం. 5వ శతాబ్దంలో రోమన్ల పాలన బ్రిటన్ నుంచి తొలగిపోయాక వారిలో కొందరు, పొరుగునున్న యాంగిళ్లు, జూట్లు అనే తెగలతో పాటు సముద్రం దాటారు. వెళ్లినవారిలో క్రైస్తవం 597లో రోమ్ నుంచి వచ్చిన సన్యాసి అగస్టీన్ ఇంగ్లండు ఆగ్నేయాన కెంట్‌లో దిగిన తర్వాత వ్యాపించింది. ఉండిపోయినవారు ఇంకో రెండు వందల ఏళ్లు పాత దేవుళ్లతోనే ఉన్నారు.

ఈ రెండు పాయలవారూ తమ అంత్యక్రియలు ఎందుకలా చేస్తున్నారో వివరించే ఒక్క వాక్యమైనా రాసిపెట్టలేదు. మన దగ్గర ఉన్నవి మూడు రకాల ఆధారాలు: తవ్వితే దొరికిన ఎముకలూ వస్తువులూ, వాళ్ల ఆచారాలను పాపమన్న చర్చి రాతలు, మతం మారి చాలా కాలమయ్యాక క్రైస్తవ సన్యాసులు పుస్తకాల్లోకి ఎక్కించిన మంత్రాలు. మొదటిది ఏం చేశారో చెబుతుంది, ఎందుకో చెప్పదు. రెండోది శత్రువు సాక్ష్యం. మూడోది ఆలస్యంగా వచ్చిన సాక్ష్యం. ఈ మూడింటినీ కలిపి ఒకే కథగా అల్లేయడం దగ్గరే చిక్కు వస్తుంది. సమాధిలో కత్తి ఉంది కాబట్టి పరలోకంలో యుద్ధం చేస్తాడని నమ్మారు, కుండలో దువ్వెన ఉంది కాబట్టి అక్కడ తల దువ్వుకుంటాడని నమ్మారు అనే వాదన వినడానికి బాగానే ఉంటుంది. ఆధారాలను దగ్గరగా చూస్తే మాత్రం, చనిపోయినవారి ప్రయాణం కన్నా బతికున్నవారి అవసరాలూ భయాలే ఎక్కువగా బయటపడతాయన్నది నా అభిప్రాయం.

కుండలో దువ్వెన

దహనంతో మొదలుపెడదాం. ఇంగ్లండ్ తూర్పున నార్‌ఫోక్‌లో స్పాంగ్ హిల్ అనే చోట 1970లలో మొదలైన తవ్వకాల్లో 2,000కు పైగా దహన సమాధులు బయటపడ్డాయి. పూడ్చిన శవాలు అరవై లోపే. ఇది యాంగిళ్ల ప్రాంతమే అయినా, ఇక్కడి అస్థికల కుండలకూ ఎల్బే, వేజర్ నదుల మధ్య సాక్సన్ శ్మశానాల్లోని కుండలకూ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉబ్బెత్తు బొడిపెలు, గీతలు, ఎముకతోనో కొమ్ముతోనో చేసిన అచ్చులతో ఒత్తిన ముద్రలు. ఆ ముద్రల్లో స్వస్తిక కూడా ఉంది. అది మన దేశం నుంచే వెళ్లిందని సంబరపడనక్కర్లేదు, ఐరోపాలో ఆ గుర్తు అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే ఉంది.

శవాన్ని బట్టలతో, నగలతో చితి మీదికి ఎక్కించేవారు. గాజు పూసలు కరిగి ముద్దలయ్యేవి, బట్టలకు గుచ్చుకునే కంచు బ్రోచ్‌లు బొట్లుగా కారి ఎముకలకు అంటుకునేవి. తోడుగా జంతువులు కూడా మంటలోకి వెళ్లేవి: గుర్రం, గొర్రె, పశువు, పంది, కొన్నిచోట్ల కుక్క. గొర్రె, పంది విందు కోసమో నైవేద్యంగానో అనుకోవచ్చు. గుర్రాన్ని మాత్రం చాలాసార్లు కోయకుండా మొత్తంగా కాల్చారు. దాని ఎముకలను విడిగా మరో కుండలో పోసి మనిషి కుండ పక్కనే పాతిన సందర్భాలున్నాయి. చల్లారాక ఎముకలు ఏరి కుండలో పోసేవారు. అన్నీ ఏరేవారు కాదు. ఒక పెద్ద మనిషిని కాలిస్తే మిగలవలసినంత ఎముక చాలా కుండల్లో లేదు.

అసలు విషయం ఇక్కడ ఉంది. కుండలో ఎముకలతో పాటు దువ్వెన ముక్కలు, చిన్న పట్టకారు, కత్తెర, మంగలి కత్తి దొరుకుతాయి. దువ్వెనల్లో చాలావాటికి నిప్పు తగిలిన జాడ లేదు. అంటే అవి చితి మీద ఉన్నవి కావు, చితి ఆరాక విడిగా తెచ్చి వేసినవి. కత్తెర, పట్టకారు కొన్ని ఎంత చిన్నవంటే వాటితో ఏ పనీ జరగదు, కుండలో వేయడానికే చేసినవి. అన్నీ వెంట్రుకలకు సంబంధించినవే. మనిషిలో మంట మొదట తినేసేది వెంట్రుకలనే. నిప్పు చెరిపేసిన రూపాన్ని మళ్లీ సమకూర్చే ప్రయత్నంగా కొందరు పురావస్తు పరిశోధకులు దీన్ని చదువుతున్నారు. ఎముకలకు కొత్త ఒళ్లుగా కుండ, కుండకు దువ్వెన. చనిపోయిన వ్యక్తి వయసుకూ కుండ పరిమాణానికీ పొంతన ఉందన్న పరిశీలన దీనికి బలం చేకూరుస్తుంది. పసివాళ్లకు చిన్న కుండలు, పెద్దలకు పెద్దవి. దువ్వెన వేసింది పరలోకంలో వాడకానికి అయితే వాడకానికి పనికొచ్చేదే వేసేవారు కదా.

స్పాంగ్ హిల్‌లో దొరికిన ఒక కుండ మూత మీద మట్టి బొమ్మ ఉంది. జానెడు కన్నా చిన్నది. కుర్చీలో కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్న మనిషి. ఏడుస్తున్నాడా, ఆలోచిస్తున్నాడా, దేవుడా, పూర్వీకుడా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కుర్చీ మాత్రం ఊహ కాదు. జర్మనీ తీరంలో ఫాల్వార్డ్ అనే చోట 1994లో తవ్విన సాక్సన్ శ్మశానంలో, తడి బంకమట్టి పుణ్యమా అని కుళ్లకుండా నిలిచిన చెక్క కుర్చీ ఒకటి దొరికింది. ఒకే చెట్టు మొద్దును తొలిచి, ఒళ్లంతా చెక్కడపు పని చేసిన పీఠం అది. దాని యజమానిని 5వ శతాబ్దం తొలి భాగంలో పడవలో పడుకోబెట్టి పూడ్చారు. అతని దగ్గర రోమన్ సైన్యపు నడికట్టు సామగ్రి కూడా ఉంది. దగ్గరి జాతులు, ఒకే కాలం, ఒకరు చితికి, మరొకరు పడవతో సహా మట్టికి. సాక్సన్లు దహనం చేసేవారు అనో, పూడ్చేవారు అనో ఒక్క ముక్కలో చెప్పే పుస్తకాన్ని నమ్మకపోవడం మంచిది.

ఈటె, సంచి, ఎర్ర రాయి

ఇంగ్లండులో దక్షిణాన, సాక్సన్లు స్థిరపడిన థేమ్స్ లోయలో, పూడ్చడమే ఎక్కువ. మగవారి పక్కన ఈటె, డాలు, అరుదుగా కత్తి. ఆయుధాలతో పూడ్చిన పెద్ద మగవారు మొత్తంలో సగానికి కాస్త తక్కువ. వీరంతా యోధులేనని చాలాకాలం అనుకున్నారు. జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త హైన్‌రిష్ హెర్కే ఎముకలనూ ఆయుధాలనూ పక్కపక్కన పెట్టి చూసేసరికి ఆ నమ్మకం బీటలు వారింది. యుద్ధానికి వెళ్లే వయసే రాని పిల్లల పక్కన ఈటెలున్నాయి. వెన్నెముక లోపంతో పుట్టి ఆయుధం పట్టే అవకాశమే లేని మనిషికీ ఆయుధం పెట్టారు. చరిత్ర రాతల్లో యుద్ధాలు తక్కువగా నమోదైన కాలంలోనే ఆయుధ సమాధులు ఎక్కువయ్యాయి. ఈటె ఆ మనిషి చేసిన పనిని కాక, అతని ఇంటివారు తమ గురించి చెప్పుకోదలచిన మాటను చెబుతోంది. సమాధి గొయ్యి చుట్టూ నిలబడి చూసే ఊరివారికి, మా వంశం ఇదీ అని చాటడం.

స్త్రీల సమాధులు ఇంకా సంక్లిష్టం. భుజాల దగ్గర జత బ్రోచ్‌లు, వాటి మధ్య గాజు, అంబరు పూసల దండలు, నడుముకు వేలాడే కత్తి. కొందరికి నడుము దగ్గర ఒక సంచి. దాని నోటికి ఏనుగు దంతపు చట్రం, లోపల చిత్రమైన చిల్లర: అరిగిన రోమన్ నాణెం, పగిలిన గాజు ముక్క, ఇనుప తునకలు. ఇంకొందరికి బీవర్ పన్ను, అడవి పంది కోర. కెంట్‌లో, వైట్ దీవిలో సంపన్న స్త్రీలకు స్ఫటిక గోళం, పక్కనే చిల్లుల వెండి గరిటె. ఏడో శతాబ్దపు కొన్ని సమాధుల్లో ఎర్రసముద్రం నుంచి వచ్చిన పెద్ద గవ్వలు. వీటిలో చాలావాటిని తాయత్తులుగా భావిస్తారు. ఇలాంటి సంచి ఉన్న స్త్రీలకు మందుమాకులు, శకునాలు తెలిసి ఉండవచ్చన్న ఊహ కూడా ఉంది. ఒకటి గమనించాలి: తాయత్తు బతికున్నప్పుడు కట్టుకునేది. ఆమెతో పాటే మట్టిలోకి పోయిందంటే, ఆమె తర్వాత దాన్ని కట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదేమో కూడా.

నగల్లోని ఎర్ర రాళ్లు మన వైపు చూపిస్తాయి. బంగారు గళ్లలో పలచగా కోసి పొదిగిన గార్నెట్లు ఆ కాలపు నగలకు గుర్తు. రసాయన పరీక్షల్లో వీటిలో చాలావాటి మూలం భారతదేశం, శ్రీలంక అని తేలింది. ఖమ్మం వైపు గరీబ్‌పేట గార్నెట్లను ప్రాచీన కాలంలో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు రేవులో పూసలుగా సానబట్టేవారని వేరే పరిశోధన రుజువు చేసింది. సాక్సన్ స్త్రీల మెడలో ఉన్నవీ అక్కడి రాళ్లేనని దీనర్థం కాదు. అలాంటి సరుకు తీరం చేరి ఓడెక్కే దారులు మాత్రం అంతకు ఎంతో ముందే పడ్డాయి.

భయం ఎవరిది?

ఇక మూఢనమ్మకాలు. యార్క్‌షైర్ తీరంలోని సీవర్బీలో ఒకదాని మీద ఒకటిగా రెండు సమాధులు దొరికాయి. కింద పెట్టెలో ఒక యువతి, వెల్లకిలా, విలువైన నగలతో. ఆమె పైన, కొద్దిపాటి మట్టి తర్వాత, నడివయసు స్త్రీ. బోర్లా పడి ఉంది. కాళ్లూ చేతులూ వంకర తిరిగి, లేవడానికి పెనుగులాడినట్టు ఉన్నాయి. నడుము మీద బరువైన తిరగలి రాయి ముక్క. తవ్వినవారు ఆమెను సజీవంగా పూడ్చి ఉంటారని భావించారు. కింది యువతి చావుకు కారణమని ఈమెకు వేసిన శిక్షా? ఆమెకు తోడుగా పంపిన దాసా? రెండు కథలూ ప్రచారంలో ఉన్నాయి. మరోవైపు, పై స్త్రీకి కూడా బ్రోచ్‌లు, పూసలు ఉన్నాయి. శవం మట్టిలో కుళ్లుతూ భంగిమ మారవచ్చునన్న అభ్యంతరమూ ఉంది. తిరగలి రాయి అనుకోకుండా పడేది కాదు కాబట్టి ఆమె తిరిగి లేస్తుందన్న భయం ఎవరికో ఉందని ఒప్పుకోవచ్చు. అంతకు మించి చెప్పేదంతా కథే.

చర్చి రాతలు ఈ భయాన్ని వేరే కోణం నుంచి చూపిస్తాయి. 668 నుంచి 690 వరకు కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఉన్న థియొడోర్ పేరు మీద నిలిచిన ప్రాయశ్చిత్తాల గ్రంథంలో ఒక నియమం ఉంది. మనిషి చనిపోయిన చోట, బతికున్నవారి ఆరోగ్యం కోసం, ఇంటి క్షేమం కోసం ధాన్యపు గింజలు కాల్చినవారు ఐదేళ్లు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ఎవరి కోసమో ఆ వాక్యమే చెబుతోంది. చనిపోయినవారి ఆత్మశాంతికి కాదు, చావు ఆ ఇంట్లో మళ్లీ అడుగుపెట్టకుండా ఉండటానికి. తిట్టేవాడు కూడా కొన్నిసార్లు అసలు కారణాన్ని అనుకోకుండా రాసిపెడతాడు. ఎనిమిదో శతాబ్దపు మరో పత్రంలో సాక్సన్ల వంటివారి మూఢాచారాల జాబితా ముప్పై శీర్షికలుగా ఉంది. మొదటిది సమాధుల దగ్గర చేసే అపచారాలు, రెండోది శవాల మీద పాడే పాటలు. శీర్షికలే మిగిలాయి, కింద ఉండవలసిన వివరణ లేదు.

శత్రువు సాక్ష్యం అన్నాను గదా, అది ఎంత తికమక పెడుతుందో చూడండి. ఇంగ్లండులో పుట్టి జర్మనీలో మతప్రచారం చేసిన బోనిఫేస్, 746 ప్రాంతంలో ఇంగ్లండులోని మెర్సియా రాజ్యపు రాజు ఎథెల్‌బాల్డ్‌కు ఉత్తరం రాశాడు. పాత సాక్సన్లలో కన్య తండ్రి ఇంటి పరువు తీస్తే ఆమె తనను తానే ఉరి వేసుకునేలా చేసి, శవాన్ని కాల్చి, ఆ చితి మీద ఆమెను చెరిచినవాడిని వేలాడదీస్తారట. ఆయన ఇది చెప్పింది సాక్సన్లను తిట్టడానికి కాదు. క్రైస్తవుడివై ఉండి నువ్వు వ్యభిచరిస్తున్నావు, వాళ్లు అన్యమతస్థులై ఉండి కూడా ఎంత కట్టుదిట్టంగా ఉన్నారో చూడు అని రాజుకు బుద్ధి చెప్పడానికి. అంటే ఈ వర్ణనకు ఒక పని ఉంది. ఎంత కఠినంగా ఉంటే ఆ పని అంత బాగా జరుగుతుంది. ఇంకో విచిత్రం: షార్లమేన్ శాసనంలో ఆరో నిబంధన మంత్రగత్తెలను శిక్షించదు. ఎవరినైనా మనుషులను తినే మంత్రగత్తె అని నమ్మి కాల్చినవాడికి మరణశిక్ష వేస్తుంది.

మూడో రకం సాక్ష్యంలో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఒక తల్లి మంత్రం. సుమారు క్రీ.శ. 1000 నాటి వైద్యపు రాతప్రతిలో ఉంది. కడుపు నిలవని స్త్రీ చనిపోయిన మనిషి సమాధి దగ్గరికి వెళ్లి, దాని మీదుగా మూడుసార్లు దాటి, ఇది నాకు ఆలస్యపు కాన్పు నుంచి రక్షణ కావాలి అని పలకాలి. తర్వాత ఇంకో విధానం: తన సొంత బిడ్డ సమాధి నుంచి కాస్త తీసుకుని, నల్ల ఉన్నిలో చుట్టి, వర్తకులకు అమ్మాలి. నేను అమ్ముతున్నాను, మీరూ అమ్మండి, ఈ నల్ల ఉన్నిని, ఈ దుఃఖపు గింజలను అని చెప్పాలి. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో బిడ్డను తవుడుకు అమ్మినట్టు చేసి తవిటయ్య అని పేరు పెట్టుకున్న ఉత్తరాంధ్ర ఊళ్లవారికి ఈ లావాదేవీ కొత్తగా అనిపించదు. ఇక్కడ బిడ్డను అమ్మితే, అక్కడ దుఃఖాన్నే అమ్మేశారు. ఈ మంత్రం రాసుకున్నది క్రైస్తవులు. పాత నమ్మకమా, కొత్త నమ్మకమా అని తేల్చడం కష్టం. ఆ తల్లికి ఆ తేడా అవసరమూ లేదు.

చనిపోయినవారంటే భయం అంత ఉంటే సమాధుల జోలికి వెళ్లకూడదు. కానీ వెళ్లారు. కెంట్‌లో చాలా సమాధులను పూడ్చిన కొద్ది కాలానికే, పెట్టెలు ఇంకా కుంగకముందే, తిరిగి తవ్వారు. దొంగలైతే విలువైనదంతా ఎత్తుకుపోవాలి. వీళ్లు కత్తులు, బ్రోచ్‌ల వంటివే ఏరుకుని, మిగతా విలువైన వస్తువులు కొన్నిటిని అక్కడే వదిలేశారు. ఎక్కడ ఏముందో తెలిసినవారు చేసిన పనిలా ఉంది. వారసత్వపు తగాదానో, ప్రత్యర్థి వంశాన్ని అవమానించడమో అయి ఉండాలి. పరలోకానికి పంపిన సామాను వెనక్కి తెచ్చుకోవడానికి ఇహలోకంలో అడ్డేమీ రాలేదు.

బంగారు శిలువలు, ఉరికొయ్యలు

పేరున్న సమాధుల్లో అసలైన సాక్సన్ రాజ్యానికి చెందినది ప్రిటిల్‌వెల్. ఎసెక్స్ తీరంలోని సౌతెండ్‌లో రోడ్డు పనుల ముందు 2003లో బయటపడింది. చెక్క గది, గోడకు మేకుకు తగిలించినది తగిలించినట్టే ఉన్న కంచు పాత్ర, మడత పీట, వీణ లాంటి లైర్ వాద్యం, తాగే పాత్రలు. మనిషిలో మిగిలింది పళ్ల పింగాణీ తునకలు మాత్రమే. తల ఉండవలసిన చోట రెండు చిన్న బంగారు రేకు శిలువలు, బహుశా కళ్ల మీద పెట్టినవి. కాలం ఆరో శతాబ్దం చివరి భాగమని తేలింది. అంటే అగస్టీన్ రాకకు అటూ ఇటూగా. ఇంత సామానుతో పూడ్చిన అన్యమత రాజవంశీకుడి కళ్ల మీద శిలువలు ఎందుకున్నాయి? కెంట్ రాణి బెర్తా అప్పటికే ఫ్రాంకిష్ క్రైస్తవురాలు, ఎసెక్స్ రాజవంశానికి బంధువు. కొత్త మతం చుట్టరికంతో వచ్చి పాత గదిలో సర్దుకుంది.

ఇంగ్లండు తూర్పున సటన్ హూలోని ఓడ సమాధి బాగా పేరున్నదే గనుక క్లుప్తంగా చెబుతాను. అది యాంగిళ్ల రాజుది. ఎడిత్ ప్రెటీ అనే ఆమె భూమిలో 1939లో బాసిల్ బ్రౌన్ అనే పురావస్తు పరిశోధకుడు తవ్విన దిబ్బలో 27 మీటర్ల ఓడ ముద్ర, ఇసుక నేల తినేసిన శవం. యజమాని 625 ప్రాంతంలో చనిపోయిన రాజు రెడ్‌వాల్డ్ అని ఎక్కువమంది నమ్ముతారు. ఒకే గుడిలో క్రీస్తుకొక బలిపీఠం, పాత దేవుళ్లకొక బలిపీఠం పెట్టాడని చరిత్రకారుడు బీడ్ కోప్పడింది ఇతన్నే. సంచిలో 37 బంగారు నాణేలు, మూడు ముద్రలేని బిళ్లలు, రెండు చిన్న కడ్డీలు. నలభై మంది తెడ్లు వేసేవారికి కూలి, ఇద్దరు చుక్కాని పట్టేవారికి కడ్డీలు అని ఒక ఊహ ఉంది. నా వాదానికి ఎదురు వెళ్లే ఊహ ఇది, ఎందుకంటే ఇది నిజమైతే ఆ ఓడ నిజంగానే ఎక్కడికో బయలుదేరింది. ముద్రలేని బిళ్లలు కలిపి లెక్క నలభైకి సరిపెట్టినట్టుండటం మాత్రం కొట్టిపారేయలేనిది.

సమాధిలో వస్తువులు పెట్టడం ఇంగ్లండులో 670లు, 680ల నాటికి దాదాపు ఆగిపోయింది. చర్చి ఆపించిందని చాలామంది అనుకుంటారు. చితిని నిషేధించినట్టు సమాధి సామానును నిషేధించిన చర్చి శాసనం ఇంగ్లండులో ఒక్కటీ లేదు. 687లో చనిపోయిన సెయింట్ కత్‌బర్ట్ పేటికలోనే గార్నెట్లు పొదిగిన బంగారు శిలువ, దంతపు దువ్వెన దొరికాయి. కేంబ్రిడ్జి దగ్గర ట్రంపింగ్టన్‌లో ఏడో శతాబ్దపు అమ్మాయిని మంచంతో సహా పూడ్చారు, ఛాతీ మీద గార్నెట్ శిలువ. సంపదను గోతిలో పెట్టి ఊరికి చూపించే బదులు చర్చికి దానమిచ్చి పేరు తెచ్చుకునే దారి దొరికాక, గోతికి పని తగ్గిందనడమే సబబు.

పాత దిబ్బలకు మాత్రం కొత్త పని దొరికింది. సటన్ హూలో రాజుల దిబ్బల చుట్టూ దాదాపు నలభై శవాలు ఇసుకలో మరకలుగా దొరికాయి. చేతులు కట్టేసినవి, తల నరికినవి, బోర్లా పడేసినవి. పక్కనే ఉరికొయ్యలు నిలబెట్టిన గుంతలు. వీటి కాలం 8 నుంచి 11వ శతాబ్దం, అంటే ఆ రాజ్యం క్రైస్తవమై స్థిరపడ్డాక. అదే రోజుల్లో భూమి దానపత్రాలు పొలాల హద్దులు చెబుతూ ఫలానా అన్యమతస్థుల సమాధుల దాకా అని రాశాయి. నేరస్థుణ్ణి ఊరి శ్మశానానికి దూరంగా, దయ్యాలుండే చోట వేయాలన్న ఆలోచన అక్కడ కనిపిస్తుంది. కాబట్టి మ్యూజియంలో బోర్లా ఉన్న అస్థిపంజరం పక్కన సాక్సన్ల మూఢనమ్మకం అని రాసి ఉంటే, ముందు కింద వేసిన శతాబ్దం చూడండి. ఆరో శతాబ్దమైతే సీవర్బీ లాంటి చిక్కుముడి, పదో శతాబ్దమైతే చర్చికి వెళ్లే జనం చేసిన పని.